ఉచిత ఆన్‌లైన్ టెస్టింగ్ శిక్షణ చాలునా, వేలం డబ్బుతో అమీర్‌పేట వెళ్ళాలా?

పొగాకుపువ్వు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది కొండపి దగ్గర పల్లెటూరు. బి.ఎస్‌సి. కంప్యూటర్స్ పూర్తయి రెండేళ్ళు దాటింది. ఒంగోలులో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని, నేర్చుకోవాలని ఉంది. హైదరాబాదు అమీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రం వారు నాలుగు నెలలకు 35 వేలు అడిగారు. హాస్టలు ఖర్చు వేరు. పొగాకు వేలం డబ్బు చేతికి రాగానే కడతానని నాన్న అంటున్నారు. ఆ డబ్బు మీద ఇప్పటికే ఎందరి కళ్ళు ఉన్నాయో నాకు తెలుసు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ మరమ్మతు, కౌలు, పాత బాకీ.

ఇంటర్నెట్టులో చూస్తే టెస్టింగ్, అజైల్, స్క్రమ్ (ఈ రెండూ జట్టుగా సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతులట) అంటూ ఉచిత కోర్సులు కుప్పలుగా ఉన్నాయి. వాటితో నిజంగా ఉద్యోగం దాకా వెళ్ళవచ్చా? నా లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, వింటే సగమే. ఇదే ప్రశ్న ఇంతకుముందు ఎవరైనా అడిగి ఉంటే కోప్పడకుండా చెప్పండి.

గెలాక్సీరాయి | సోమవారం, రాత్రి 9:40

కోపం ఎందుకు, కానీ ఉన్నమాట చెబుతాను. మాది చీమకుర్తి. బెంగళూరులో కోడ్ రాసే పని. మీరు చేత్తో చేసే టెస్టింగ్ ఒక్కటే నేర్చుకుని వస్తే తలుపులు తెరుచుకోవడం కష్టం. మా కంపెనీలో ఈ మధ్య తీసుకున్న టెస్టర్లందరికీ ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష వచ్చు. నేరుగా పైథాన్‌తోనో జావాతోనో మొదలుపెట్టి వెబ్ పేజీలను తనంతట తానే పరీక్షించే సెలీనియం అనే పనిముట్టు పట్టుకోండి. మిగతాదంతా తర్వాత. 35 వేలు మాత్రం కట్టవద్దు.

గూడూరు జంక్షన్ | సోమవారం, రాత్రి 10:25

చీమకుర్తి తమ్ముడి మాటలో చివరి వాక్యంతో ఏకీభవిస్తాను. నేరుగా సెలీనియంతో మొదలుపెట్టమన్న దానితో కాదు.

చెన్నైలో పద్నాలుగేళ్ళుగా టెస్టింగే నా బతుకు. సెలీనియం మనం చెప్పినచోట నొక్కుతుంది, చెప్పినది వచ్చిందో లేదో చూస్తుంది. ఎక్కడ నొక్కాలో, ఏది వస్తే తప్పో తెలియనివాడి చేతిలో పెడితే తప్పునే వేగంగా చేస్తుంది. అంతకంటే చేయదు.

శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచినప్పుడల్లా మేడ ఎక్కి చూసిన ఊరివాళ్ళం కాబట్టి రాకెట్టు ఉదాహరణే చెబుతాను. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 మొదటిసారి ఎగిరింది. నిమిషం కూడా గడవకముందే దారి తప్పి, ముక్కలైపోయింది. దిశను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను పాత ఏరియాన్ 4 నుంచి తెచ్చి పెట్టారు. అందులో ఒకచోట పెద్ద సంఖ్యను 16 బిట్ల గడిలోకి మార్చే పని ఉంది. ఆ గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. పాత రాకెట్టు వేగానికి ఆ హద్దు ఎన్నడూ దాటలేదు. కొత్తది దాటింది. హద్దు దగ్గర ఏమవుతుందని అడగడమే టెస్టింగులో మొదటి పాఠం, దానికి పైథాన్ అక్కర్లేదు.

పొగాకుపువ్వు గారూ (ఈ పేరు పెట్టి పిలవడం విచిత్రంగా ఉందమ్మా), లాప్‌టాపు గురించి దిగులు పడవద్దు. మొదటి రెండు నెలలకు అది చాలు.

రెండో ఇన్నింగ్స్ | మంగళవారం, ఉదయం 5:50

పిల్లలు లేవకముందు రాస్తున్నాను. నెల్లూరులో ఉంటాను. పెళ్ళికి ముందు ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పాను. తొమ్మిదేళ్ళ విరామం తర్వాత, ముప్పై ఏడో ఏట, ఉచిత కోర్సులతోనే టెస్టింగులోకి వచ్చాను. ఇంటి నుంచి పని. కనుక చేరవచ్చా అన్న ప్రశ్నకు సాక్ష్యం నేనే. అయితే ఏడాదిన్నర పట్టింది, అందులో మొదటి ఆరు నెలలు వృథా. ఎందుకంటే కోర్సు తర్వాత కోర్సు మొదలుపెట్టాను, ఒక్కటీ ముగించలేదు. ఒక్కొక్క దానిలో మొదటి మూడు వీడియోలు నాకు కంఠస్థం!

తర్వాత దారిలో పెట్టినవి ఇవి. టెస్టర్లకు సర్టిఫికెట్టు పరీక్షలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐఎస్‌టీక్యూబీ వారి ఫౌండేషన్ పాఠ్యప్రణాళిక, 2023లో వచ్చిన 4.0 కూర్పు. ఉచితంగా దింపుకోవచ్చు. పుస్తకం కొననవసరం లేదు, దాన్నే మూడుసార్లు చదవండి. మీకు వినడం కంటే చదవడం తేలిక అన్నారు కదా, ఇది చదివే సరుకే. పరీక్ష రాయాలంటే మాత్రం ఫీజు కట్టాలి. 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 సరైతే పాస్. పరీక్ష మన మాతృభాషలో లేనందుకు పావు వంతు సమయం అదనంగా ఇస్తారు, అంటే 75 నిమిషాలు. చాలామందికి ఇది తెలియక అడగరు. పరీక్ష ఇప్పుడే వద్దు, చదువు మాత్రం ఇప్పుడే.

ఐఐటీల వారి ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ట్రిపుల్ ఐటీ బెంగళూరు ఆచార్యులు మీనాక్షి డిసౌజా గారు చెప్పిన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు ఉన్నాయి. పన్నెండు వారాలు. వినడం ఉచితం, సర్టిఫికెట్టు కావాలంటేనే పరీక్ష రుసుము. గ్రాఫులు, తర్కం ఎక్కువ. ఉద్యోగానికి తక్షణం పనికొచ్చేది అందులో తక్కువే కానీ, బుర్రకు పదును పెడుతుంది. నేను సగంలో ఏడ్చాను, నిజంగానే.

ఆటోమేషన్‌కు, అంటే టెస్టింగును ప్రోగ్రాము చేత చేయించడానికి, టెస్ట్ ఆటోమేషన్ యూనివర్సిటీ అని ఉచితంగా ఉంది. మధ్యలో ఎస్‌క్యూఎల్ (డేటాబేసు నుంచి వివరాలు అడిగే భాష) వదలవద్దు. నన్ను ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగింది దాని గురించే. పాల కుక్కర్ కూస్తోంది, మళ్ళీ వస్తాను.

కెరీర్‌బాట | మంగళవారం, ఉదయం 10:02

[ఈ టపాను వేదిక నిర్వాహకులు తొలగించారు. నూరు శాతం ఉద్యోగ హామీ ప్రకటనలు, ఫోను నంబర్లు ఇక్కడ పెట్టవద్దు. ఇది మూడోసారి.]

స్వర్ణాల చెరువు | మంగళవారం, మధ్యాహ్నం 2:15

తొలగించినందుకు నిర్వాహకులకు దండం. ఆ హామీకి నేను ఇచ్చిన వెల లక్షా ఇరవై వేలు.

ఏ సంస్థో చెప్పను. మూడు నెలల శిక్షణ అన్నారు, మూడు వారాలు చెప్పారు. తర్వాత నేను ఎన్నడూ చూడని కంపెనీలో రెండేళ్ళు పనిచేసినట్టు అనుభవపత్రం, జీతపు చీటీలు తయారుచేసి ఇచ్చారు. అందరూ ఇలాగే వెళ్తారన్నారు. వెళ్ళాను. ఉద్యోగం వచ్చింది కూడా. నా మూడో నెలలో వివరాల తనిఖీ పూర్తయింది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి నా లాగిన్ పనిచేయలేదు. ఇంట్లో ఇప్పటికీ కంపెనీ మూతపడిందనే చెప్పాను.

రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర ఉద్యోగ రొట్టె మూడేళ్ళు వరుసగా అందుకున్నాను. కోరిక తీరాక చెరువులో నిలబడి తిరిగి ఇచ్చే వంతు ఇంకా రాలేదు. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను, ఈసారి పైసా ఖర్చు లేకుండా. చెల్లెమ్మా, ఉచితమా డబ్బు కట్టాలా అన్నది రెండో ప్రశ్న. ఎవరైనా నీకు లేని అనుభవాన్ని నీ పేరు మీద రాస్తానంటే లేచి వచ్చేయి.

పొగాకుపువ్వు | మంగళవారం, రాత్రి 8:50

అన్నా, మీరు ఇది రాసినందుకు చాలా కృతజ్ఞతలు. నాన్నకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కానీ హైదరాబాదు మాట ఈ పూట ఎత్తలేదు.

గూడూరు అన్నా, హద్దుల గురించి చెప్పారు కదా. పాఠ్యప్రణాళికలో ఆ భాగం చదివాను. అయితే దేని మీద చేసి చూడాలి? నా దగ్గర సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు.

గూడూరు జంక్షన్ | మంగళవారం, రాత్రి 9:30

ఏదైనా చాలు. కరెంటు బిల్లు లెక్క, బస్సు టికెట్టు లెక్క. ఇంట్లో కోడ్ రాసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళు చేసినది తీసుకుని విరగ్గొట్టు. దొరికిన తప్పును రాసి ఇక్కడ పెట్టు. నేను టెస్టర్లను తీసుకునేటప్పుడు సర్టిఫికెట్టు తర్వాత చూస్తాను. ముందు ఒక తప్పును ఎలా రాశారో చూస్తాను.

పొగాకుపువ్వు | గురువారం, రాత్రి 9:05

మా తమ్ముడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. రొయ్యల ధర లెక్కగట్టే చిన్న వెబ్ పేజీ ఒకటి సరదాగా చేశాడు. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య), బరువు ఇస్తే ఎంత డబ్బు వస్తుందో చూపిస్తుంది. ధరలు వాడు ఊహించి పెట్టినవే. నేను రాసిన తప్పు ఇది:

"50 ఇస్తే పనిచేయడం లేదు. సరిచేయాలి."

గూడూరు జంక్షన్ | గురువారం, రాత్రి 9:33

దొరకబుచ్చుకున్నందుకు పది మార్కులు. రాసినందుకు సున్నా.

50 ఏ గడిలో ఇచ్చావు, కౌంట్‌లోనా, బరువులోనా? పనిచేయడం లేదంటే పేజీ ఆగిపోయిందా, తప్పు ధర వచ్చిందా, ఏమీ రాలేదా? ఫోనులోనా, లాప్‌టాపులోనా? 49 ఇస్తే? ఇది చదివి మీ తమ్ముడు లేచి నీ దగ్గరికి రావలసిందే. నువ్వు కొండపిలో, అతను ఇంకో ఊళ్ళో ఉంటే? నువ్వు పక్కన లేకుండానే అవతలి మనిషి ఆ తప్పును తన కళ్ళతో చూడగలిగేట్టు రాయాలి. మళ్ళీ రాయి.

పొగాకుపువ్వు | గురువారం, రాత్రి 10:48

శీర్షిక: కౌంట్ సరిగ్గా 50 ఇచ్చినప్పుడు ధర గడి ఖాళీగా ఉంటోంది
ఎక్కడ: ఆండ్రాయిడ్ ఫోను, క్రోమ్. లాప్‌టాపులోనూ ఇదే.
ఎలా చూడాలి: పేజీ తెరవాలి. కౌంట్ గడిలో 50, బరువు గడిలో 100 కిలోలు ఇవ్వాలి. లెక్కించు మీట నొక్కాలి.
రావలసినది: 50 కౌంట్ ధర ప్రకారం మొత్తం.
వచ్చినది: ఏమీ రాలేదు. తప్పు జరిగిందన్న సందేశం కూడా లేదు.
ఇంకా చూసినవి: 49కి, 51కి ధర వస్తోంది. 60 దగ్గర, 70 దగ్గర కూడా 50 దగ్గర వచ్చిన ఇబ్బందే.
తీవ్రత: ఎక్కువ.

తమ్ముడు కోడ్ తెరిచి చూపించాడు. 50 కంటే తక్కువైతే ఒక ధర, 50 కంటే ఎక్కువైతే ఇంకో ధర అని రాశాడు. సరిగ్గా 50 అయితే ఏమిటో రాయలేదు.

గెలాక్సీరాయి | గురువారం, రాత్రి 11:10

మా ఆఫీసులో వారానికి నలభై వస్తాయి, వాటిలో ఇంత శుభ్రంగా ఉండేవి నాలుగు. నా మొదటి టపాలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కొంత మాత్రమే.

రొయ్యల బాబాయ్ | శుక్రవారం, ఉదయం 6:20

నేను కంప్యూటరు మనిషిని కాను. ఇందుకూరుపేట వైపు ఆరెకరాల చెరువులు ఉన్నాయి. వాతావరణం చర్చ కోసం ఈ వేదికలో చేరాను. రొయ్యల మాట వినబడి ఆగాను.

అమ్మాయీ, మీ తమ్ముడి లెక్కే తప్పు. పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజున, కిలో తూచి లెక్కపెడతాం. ఒక తట్టలో 52 వస్తాయి, ఇంకో తట్టలో 54. సగటు 52.7 అని కూడా వస్తుంది. ఆ పేజీలో చుక్క పెట్టి అంకె వేయవచ్చా? ఇంకొకటి. మా వైపు 50 దాటగానే ధర మెట్టు దిగినట్టు ఒక్కసారిగా పడదు. 50కీ 60కీ మధ్య పెరిగిన ప్రతి కౌంటుకూ ఇంత అని కోస్తారు. 51 కౌంటుకు 60 కౌంటు ధర ఇస్తానంటే కొనుగోలుదారుణ్ణి చెరువులోకి తోస్తాం.

గూడూరు జంక్షన్ | శుక్రవారం, ఉదయం 7:05

బాబాయ్, మీరు ఉదయాన్నే వచ్చి మా ఇద్దరి పనీ తప్పని తేల్చారు.

అమ్మాయి "రావలసినది" అని రాసింది. ఆ రావలసినది ఎవరు చెప్పారు? తమ్ముడి ఊహ. నేనూ ఆ మాట అడగలేదు, సిగ్గుపడుతున్నాను. 50 దగ్గర ఖాళీ రావడం కోడ్‌లో తప్పు. మెట్టు మెట్టుగా ధర తగ్గించడం అవసరాన్ని అర్థం చేసుకోవడంలో తప్పు. రెండోది వెయ్యిసార్లు కోడ్ చదివినా దొరకదు, చెరువు గట్టు మీదికి వెళ్తే దొరుకుతుంది.

రెండో ఇన్నింగ్స్ | శుక్రవారం, ఉదయం 7:40

అజైల్ గురించి నేను చూసిన వీడియోలన్నిటికంటే బాబాయ్ టపా నయం.

పొగాకుపువ్వు, నువ్వు మొదట్లో అజైల్, స్క్రమ్ అన్నావు కదా. 2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే మంచుకొండ విడిదిలో పదిహేడు మంది కలిసి అజైల్ మేనిఫెస్టో రాశారు. నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలు. ఆ నాలుగులో ఒకటి, ఒప్పందం మీద బేరసారాల కంటే వినియోగదారుడితో కలిసి పనిచేయడం ముఖ్యమని. మీ తమ్ముడు ఆరు నెలలు కూర్చుని పెద్ద యాప్ చేసి అప్పుడు బాబాయ్‌కి చూపించి ఉంటే ఏమయ్యేది? ఇప్పుడు పోయింది ఒక సాయంత్రం పని, అంతే.

అజైల్ దారిలో పనిచేయడానికి ఒక పద్ధతి స్క్రమ్. దానికి మూలపత్రం స్క్రమ్ గైడ్. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ రాశారు. ఇప్పుడు నడుస్తున్నది 2020 నవంబరు కూర్పు, పదమూడు పేజీలు, ఉచితం. వేలు పోసి నేర్చుకునేవాళ్ళలో చాలామంది ఆ పదమూడు పేజీలు చదివి ఉండరు. అందులో టెస్టర్ అనే హోదా లేదు తెలుసా? ఏ పని ముందో చెప్పే ప్రాడక్ట్ ఓనర్, పద్ధతి సరిగా నడిచేట్టు చూసే స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు, అంతే. అంటే టెస్టింగ్ వద్దని కాదు. జట్టులో పని తయారుచేసే ప్రతివారినీ డెవలపర్లు అనే అన్నారు, మనమూ అందులోనే.

గెలాక్సీరాయి | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

కాగితం మీద అంతా బాగుంటుంది అక్కా. మా దగ్గర రెండు వారాల స్ప్రింట్. పదమూడో రోజు రాత్రి వరకు మేము కోడ్ రాస్తాం. పద్నాలుగో రోజు ఉదయం టెస్టర్‌కు ఇచ్చి, మధ్యాహ్నానికి ముగించమంటాం. రోజూ పదిహేను నిమిషాలు జరగవలసిన సమావేశం నలభై నిమిషాలు నడుస్తుంది, మేనేజరు హాజరు వేసుకున్నట్టు ఒక్కొక్కరినీ అడుగుతారు. దానికి అజైల్ అని పేరు. నేర్చుకోండి, కానీ ఆఫీసుకు వెళ్ళాక గైడ్‌లో ఉన్నట్టే ఉంటుందని ఆశపడవద్దు.

మరొక మాట. ఒక్క జట్టులోనూ పనిచేయకుండా స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్టు కొనుక్కుని ఆ ఉద్యోగానికే దరఖాస్తు చేసేవాళ్ళను చూస్తే జాలి వేస్తుంది. అవగాహన సరిచూసుకోవాలంటే స్క్రమ్.ఆర్గ్‌లో స్క్రమ్ ఓపెన్ అని ఉచిత పరీక్ష ఉంది. 30 ప్రశ్నలు, 30 నిమిషాలు. అది చాలు మీకు.

రొయ్యల బాబాయ్ | శుక్రవారం, రాత్రి 8:15

స్ప్రింట్ అంటే ఏమిటమ్మా?

రెండో ఇన్నింగ్స్ | శుక్రవారం, రాత్రి 8:31

నెలకు మించని చిన్న గడువు, బాబాయ్. ఆ గడువులో వాడుకోవడానికి పనికొచ్చే ముక్క ఒకటి పూర్తిచేసి, చూపించి, ఏం మార్చాలో కనుక్కుని మళ్ళీ మొదలుపెడతారు.

రొయ్యల బాబాయ్ | శుక్రవారం, రాత్రి 8:44

చెక్ ట్రే అన్నమాట. మేత వేసి, కొంచెం ట్రేలో పెట్టి చెరువులోకి దించుతాం. గంటో రెండు గంటలో ఆగి పైకి లాగి చూస్తాం. మేత మిగిలితే తర్వాతి పూటకు తగ్గిస్తాం. ఖాళీ అయితే పెంచుతాం. ట్రే చూడకుండా మూడు నెలలూ మేత పోసినవాడు పట్టుబడి రోజున ఏడుస్తాడు. దీనికి అమెరికా కొండ ఎక్కాలా?

గూడూరు జంక్షన్ | శుక్రవారం, రాత్రి 8:50

బాబాయ్, సోమవారం మా ఆఫీసులో కొత్తవాళ్ళకు పాఠం చెప్పాలి. ఈ ట్రే నేను తీసుకుంటున్నాను.

పొగాకుపువ్వు | ఆదివారం, ఉదయం 11:20

వార్త. తమ్ముడు శుక్రవారం రాత్రే 50 దగ్గర తప్పు సరిచేశాడు. నిన్న మళ్ళీ చూశాను. ఇప్పుడు 50 ఇస్తే రెండు ధరలు వస్తున్నాయి, ఒకదాని కింద ఒకటి. రెండు వైపులా సమానం గుర్తు పెట్టాడు. అంతకుముందు బాగున్న బరువు గడి ఇప్పుడు సున్నాను కూడా ఒప్పుకుంటోంది. సరిచేసినదాన్నే కాకుండా దాని చుట్టుపక్కల ఉన్నవీ మళ్ళీ చూడాలని, దాన్ని రిగ్రెషన్ టెస్టింగ్ అంటారని చదివాను. చదివినప్పుడు విసుగనిపించింది, నిన్న అర్థమైంది.

ఇవి కూడా రాసి పంపాను. తమ్ముడు నాతో మాట్లాడడం లేదు. అన్నం మాత్రం నేను వడ్డిస్తేనే తింటున్నాడు.

గెలాక్సీరాయి | ఆదివారం, ఉదయం 11:41

తమ్ముడికి నా సానుభూతి. "నువ్వు తప్పు చేశావు" అని కాకుండా "పేజీ ఇలా చూపిస్తోంది" అని రాయండి. నా మీద రాసిన వాటిలో నాకు కోపం తెప్పించినవన్నీ మొదటి రకమే.

స్వర్ణాల చెరువు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

నన్నూ కలుపుకుంటారా? నేను ఎస్‌క్యూఎల్, పోస్ట్‌మన్ (సర్వరుకు అభ్యర్థనలు పంపి జవాబు సరిచూసే పనిముట్టు) దాకా చదివాను కానీ ఇలా నిజమైన దాని మీద చేయలేదు. బాబాయ్ చెప్పిన కోత లెక్కకు ఏయే అంకెలు ఇచ్చి చూడాలో పట్టిక నేను వేస్తాను. 49, 50, 50.1, 52.7, 59.9, 60, ఖాళీ గడి, సున్నా, మైనస్. ఈసారి నా దరఖాస్తులో అనుభవం అన్నచోట అబద్ధం ఉండదు. చిన్నదే అయినా, నేను చేసినది రాస్తాను.

రెండో ఇన్నింగ్స్ | ఆదివారం, మధ్యాహ్నం 3:10

అయితే జట్టు కుదిరింది. తమ్ముడు కోడ్, మీరిద్దరూ పరీక్ష, బాబాయ్ ప్రాడక్ట్ ఓనర్. ఏది ముందు, ఏది తర్వాత అన్నది బాబాయ్ చెబుతారు, మనం వాదించకూడదు. రెండు వారాల స్ప్రింట్ వేద్దాం. నేనూ గూడూరు అన్నా ఆదివారాలు చూస్తాం. రోజూ పదిహేను నిమిషాలు ఫోనులో కలవండి. సాయంత్రం ఆరు గంటలకు?

రొయ్యల బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 4:05

ఆరింటికి గట్టు మీద ఉంటాను, మేత వేసే వేళ. ఏరేటర్ల మోతలో ఏమీ వినబడదు. ఏడున్నర పెట్టండి. ముందు చుక్క అంకె పడేట్టు చేయమనండి, కోత సంగతి తర్వాత.

పొగాకుపువ్వు | ఆదివారం, సాయంత్రం 4:20

ఏడున్నరకు సరే బాబాయ్. దుకాణం నుంచి బస్సు దిగేసరికి ఏడవుతుంది. తమ్ముడు కూడా వస్తానన్నాడు, కెమెరా మాత్రం పెట్టడట.